కసిమి కుండ

కిందటి వారం నీలోఫర్‌ని పెడన హైస్కూలు వరండాలో, స్తంభం పక్కన, చంకలో నాలుగేళ్ల పిల్లతో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కాలు కూడా మార్చుకోలేదు.

ఎదురుగా స్టేజీ. స్టేజీ మీద బల్ల, బల్ల మీద రెండు గాజు గ్లాసులు, వాటి వెనక తెల్లకోటులో ఆమె చెల్లెలు నాజియా. బందరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే పిల్లలు ఆరుగురు కలిసి ‘ఇంటింటి కెమిస్ట్రీ’ అని పేరు పెట్టుకుని, ట్రంకు పెట్టెలో సీసాలు సర్దుకుని, గుడివాడ నుంచి నాగాయలంక దాకా బడి బడికీ తిరుగుతున్న సంగతి తెలిసిందే. చిన్న చిన్న వీడియోలు తీసి ఫోన్లలోకి వదలడం కూడా వాళ్లకి అలవాటే. ఈ శుక్రవారం వంతు పెడనకి వచ్చింది. నాజియా సొంత ఊరు.

రెండు గ్లాసుల్లో ఒకదాంట్లో కొట్లో కొన్న అన్నభేది, అంటే పచ్చటి ఇనప లవణం, కలిపిన నీళ్లు. రెండోదాంట్లో, నాజియా లెక్క ప్రకారం, వాళ్ల నాన్న నూరుల్లా గారి కసిమి. కలంకారీ గుడ్డకి నలుపు రావాలంటే కసిమి ఉండాలి. పాత ఇనపముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడితే దిగే చారు అది. నూరుల్లా కుండ ఆయన ముత్తాత నాటిది. కొంత వాడి, కొంత మిగిల్చి, ఆ మిగిలినదాంట్లోనే కొత్త ఇనుము, కొత్త బెల్లం వేస్తూ నాలుగు తరాలుగా ఒక్కరోజు కూడా ఎండనివ్వలేదు.

“ఆపా, ఒక సీసాడు కసిమి తెచ్చిపెట్టవే” అని పొద్దున నాజియా ఫోన్ చేసింది. నీలోఫర్ తెచ్చింది. కాకపోతే ఆ సీసాలో ఉన్నది కసిమి కాదు. కసిమి అనేది ఆ ఇంట్లో నాలుగు నెలలుగా లేదు. రెండు గ్లాసుల్లోనూ ఉన్నది ఒకటే నీళ్లని ఆ హాలు మొత్తంలో నీలోఫర్ ఒక్కదానికే తెలుసు.

“ఈ గ్లాసుల్లో ఏముందర్రా?” మైకులో నాజియా గొంతు ఖంగుమంది.

“నీళ్లు!”

“తాగుతావా మరి?”

“వద్దక్కా!”

“తెలివైనోడివి. బతికిపోయావు.”

పిల్లలు గొల్లున నవ్వారు. ముందు వరసలో హెడ్మాస్టర్ వెంకట్రామయ్య గారి పక్కన కుర్చీలో కూర్చున్న నూరుల్లా కూడా నవ్వాడు. ఉతికిన తెల్ల లాల్చీ, తల మీద టోపీ, మోకాళ్ల మీద వణుకుతున్న రెండు చేతులు.

“రెండిట్లోనూ ఇనుముంది. కరక్కాయలో టానిన్ ఉంది. వీళ్లిద్దరూ ఎదురుపడ్డారంటే…” నాజియా రెండు గ్లాసుల్లోకీ గరిటెడేసి కరక్కాయ కషాయం పోసింది. లేత రంగు నీళ్లు కాస్తా కాటుకలా అయిపోయాయి.

“సిరా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“సిరానే! బందరు కోటలో దొరలు ఉత్తరాలు రాసుకున్నది ఇలాంటి సిరాతోనే. మీ అమ్మమ్మ దుప్పటి మీద నెమలికి ఒంపు దిద్దిందీ ఇదే. సరే, ఇద్దరూ నల్లబడ్డారు. ఇందులో కొట్టుది ఏది, మా ఇంటిది ఏది? ఎలా కనిపెడతారు?”

“వాసన చూసి!”

“మా అబ్బాజీకి కరోనా వచ్చి పోయినప్పట్నుంచి పూలవాసన కూడా తెలీదు. ఆయన ఎలా కనిపెట్టాలి పాపం?”

నూరుల్లా చెయ్యెత్తి “నిజమే, నిజమే” అన్నాడు. మళ్లీ నవ్వులు.

ఇక్కడిదాకా నీలోఫర్‌కి భయం వేయలేదు. కరక్కాయ పోసి నల్లగా చేసి చూపిస్తారు, చప్పట్లు కొడతారు, అయిపోతుంది అనుకునే సీసా ఇచ్చింది. నాజియా పక్కన ఉన్న వందన అనే అమ్మాయి చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని ట్రంకు పెట్టెలోంచి చిన్న సీసా తీయడం, నాజియా దాని పేరు మైకులో చెప్పడం అప్పుడు జరిగింది.

“బేరియం క్లోరైడ్.”

ఆ రెండు మాటలు నీలోఫర్ ఏడేళ్ల తర్వాత వింటోంది. ఇంటర్ రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో ఆమెకి వచ్చిన లవణంలో వేసింది అదే. రికార్డు పుస్తకంలో నీలం సిరాతో రాసింది కూడా: తెల్లని అవక్షేపం ఏర్పడినది, సల్ఫేటు ఉన్నది. అది రాసిన పదిహేను రోజులకి అమ్మీ పోయింది. థియరీ పరీక్షల రోజుల్లో హాల్‌టికెట్ అల్మారాలో ఉంది, నీలోఫర్ పొయ్యి దగ్గర ఉంది. పద్నాలుగేళ్ల నాజియాకి జడ వేసి, డబ్బా కట్టి బడికి పంపడం దగ్గర ఆమె చదువు ఆగిపోయింది.

“కొట్లో అమ్మే అన్నభేదిలో సల్ఫేట్ ఉంటుంది. బెల్లంతో పులిసిన మా కసిమిలో ఉండదు. అంచేత కొట్టుది పాలలా తెల్లబడుతుంది. మాది తేటగా ఉంటుంది. చూడండి!”

సీసాల్లో మిగిలిన, నల్లబడని నీళ్లు మళ్లీ రెండు టెస్ట్‌ట్యూబుల్లో పోశారు. మొదటిదాంట్లో వందన నాలుగు చుక్కలు వేసింది. తెల్లగా మబ్బు కమ్మి, అడుగుకి దిగింది. చప్పట్లు. నాజియా రెండో ట్యూబుని పైకెత్తి, వెలుతురుకి పట్టుకుని, తనే చుక్కలు వేసింది.

అదీ తెల్లబడింది.

నీళ్లలో ఉప్పు ఉంటే పలచటి మసక వస్తుంది కదా, అలా కాదు. పెరుగులా, గడ్డలాగా దిగింది. పిల్లలకి ఇంకో తమాషా. మొదటిసారి కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నూరుల్లా కూడా కొట్టాడు, రెండు అరచేతులూ సరిగ్గా కలవకుండా.

నాజియా ఆ ట్యూబుని ఇంకోసారి వెలుతురుకి పట్టింది. “నీళ్ల వల్ల అయ్యుంటుందేమోనే” అని వందన గొణిగిన మాట మైకు పట్టుకుంది. నాజియా తలెత్తింది. ముందు వరసలో నాన్న మొహం చూసింది. తర్వాత వరండాలో, స్తంభం దగ్గర, అక్క మొహం చూసింది.

నీలోఫర్ తల దించుకోలేదు. దించుకోవాలని తోచలేదు. స్టేజీ పైన ఫ్యానుకి మూడు రెక్కలున్నాయి, ఒకటి వంగి ఉంది. ఇంటి దగ్గర దండెం మీద బట్టలున్నాయి. ఇలాంటివే తోచాయి.

“చూశారా!” అంది నాజియా. గొంతు మునుపటిలాగే ఉంది, కొంచెం ఎత్తుగా. “మన పెడన నీళ్లలో కూడా సల్ఫేట్ ఎక్కువ. అందుకే రెండూ తెల్లబడ్డాయి. సైన్సులో ఇలాంటివి జరుగుతుంటాయి. జరిగినప్పుడు… జరిగినప్పుడు మళ్లీ చేసి చూడాలి.”

ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎన్ని స్టేజీలెక్కిందో గానీ మైకులో నాజియా చెప్పిన మొదటి అబద్ధం అదే.

తర్వాత వెంకట్రామయ్య గారు నూరుల్లాని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. “రేపు శనివారం నూరుల్లా గారు అచ్చు వేసిన కలంకారీ పరదాని మ్యూజియం వాళ్లు స్వయంగా కారులో వచ్చి తీసుకెళ్తున్నారు. ఇది మన పెడనకే గౌరవం” అన్నారు. నూరుల్లాకి మైకు పట్టుకోవడం కుదరలేదు, వందన పట్టింది.

“నాకు మాట్లాడటం రాదు బాబూ. అచ్చు కొట్టడం వచ్చు, ఇప్పుడు అదీ పోతోంది. ఈ పరదాయే ఆఖరు. వందేళ్లుంటుందంట, గాజు పెట్టెలో పెడతారంట. నేనుండను గానీ అదుంటుంది. ఒక్కమాట చెప్పాలి. దాంట్లో నలుపు నాది కాదు. కుండ చూసేది మా పెద్దమ్మాయి నీలోఫర్. నలభై ఏళ్లలో నా చేతి మీద అంత నలుపు ఎన్నడూ దిగలేదు.”

అందరూ వెనక్కి తిరిగి వరండా వైపు చూశారు. పిల్ల మజీదా సిగ్గుపడి అమ్మ భుజంలో మొహం దాచుకుంది. పిల్లకి వాళ్ల అమ్మమ్మ పేరే పెట్టారు, ఇంట్లో మజ్జూ అంటారు. నీలోఫర్ తలూపింది. ఎందుకూపిందో తెలియదు.

సభ అయ్యాక నూరుల్లాని హెడ్మాస్టర్ గారు తన బండి మీద ఇంటికి తీసుకెళ్లారు. వందన మజ్జూని దగ్గరికి పిలిచి, శంఖుపూల రసం అద్దిన కాయితం మీద నిమ్మకాయ పిండి రంగు మార్చి చూపిస్తూ కూర్చుంది. బడి వెనక కుళాయి దగ్గర నాజియా టెస్ట్‌ట్యూబులు కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది. నీలోఫర్ వెళ్లి పక్కన నిలబడింది.

“అది అన్నభేదే కదా?” నాజియా తిరిగి చూడలేదు.

“ఆ.”

“ఆ! అంత తేలిగ్గా ‘ఆ’ అంటావేంటే? కసిమి ఏది?”

“లేదు.”

“లేదంటే? అయిపోయిందా?”

“పారబోశా.”

ట్యూబు చేతిలోంచి జారి గచ్చు మీద పగిలింది. నాజియా వంగబోతే “ఉండు, గాజు” అని నీలోఫర్ తనే కూర్చుని, కొంగుతో పెంకులు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్కా తీసి అరచేతిలో పెట్టుకుంటోంది.

“కుండ మొత్తమా ఆపా?”

“మొత్తం. స్టేషన్ అవతల మురుక్కాలవలో. మూడుసార్లు తిరిగా. ఇనపముక్కలు పాతసామాన్లవాడికి ఇచ్చేశా.”

“అబ్బాజీ ముత్తాత కుండే అది! డెబ్బయ్యేడు ఉప్పెనకి ఇల్లు మునిగితే మన జేజి దాన్ని నెత్తిన పెట్టుకుని అటక ఎక్కిందని అబ్బాజీ చెప్తుంటే వినలేదా నువ్వు? ఏం పాపం చేసిందే అది నీకు?”

“మజ్జూ కాలు కోసింది.”

నాజియా పిల్ల ఆడుకుంటున్న వైపు తల తిప్పింది.

“ఇనుము మార్చడానికి బయటికి తీసి ఆరబెట్టా. పిల్ల తొక్కింది. పాత గడియ ముక్క, తుప్పు పొరలు పొరలుగా ఊడుతోంది. అరికాల్లో దిగింది. మీ బావ వేటకెళ్లాడు, గిలకలదిండి బోట్లు అప్పటికి నాలుగు రోజులైంది పోయి. అబ్బాజీ పడుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లా, సూది వేశారు. కట్టు కట్టారు. ఇంటికొచ్చి ఫోన్ తీస్తే నువ్వొచ్చావు.”

“నేనా?”

“నీ వీడియో. తెల్లకోటు వేసుకుని, తుప్పు పట్టిన మేకు పట్టుకుని. ‘ఈ మేకు చేసే ఒక్క గీత చాలు, దవడ బిగుసుకుపోతుంది, నడుము విల్లులా వంగిపోతుంది’ అన్నావు.” నీలోఫర్ పెంకులు ఏరుతూనే చెప్తోంది, ఎక్కాలు అప్పజెప్పినట్టు. “‘తుప్పుకీ చావుకీ ఏంటి సంబంధం? రెండో భాగంలో చెప్తాను’ అని ఆపేశావు.”

నాజియా తడి చేతులు కోటుకి తుడుచుకుంది.

“ఆ రాత్రి నలభైసార్లు చూశా. రెండోది వస్తుందేమోనని వారం రోజులు చూశా. రాలేదు.”

“సెమిస్టర్ పరీక్షలొచ్చాయే… మొదటిదానికి బాగా వ్యూస్ వచ్చాయి, తర్వాత చేద్దాంలే అనుకున్నాం. తర్వాత మర్చిపోయాం. ఆపా, నన్ను అడగొచ్చు కదా? ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయింది?”

“చేశా. హాస్టల్లో ఉన్నావు. ‘వీడియోలో అంతా చెప్పా కదే, చూసుకో’ అని పెట్టేశావు.”

కుళాయిలోంచి నీళ్లు ధారగా పోతున్నాయి. ఇద్దరూ కట్టలేదు.

“వారం అయ్యాక కుండ దగ్గరికెళ్లి నిలబడ్డా. పిల్ల రేపు మళ్లీ తొక్కదా? ఎల్లుండి చెయ్యి పెట్టదా? అబ్బాజీ కుండ పెద్దదా, మజ్జూ పెద్దదా అని అనుకోలేదు నేను. ఏమీ అనుకోలేదు. ఎత్తి పారబోశా.”

“అన్నభేది సంగతి ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారు? మజ్జూ కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రల అట్ట మీద ఫెర్రస్ సల్ఫేట్ అని రాసుంది. కడుపుతో ఉన్నవాళ్లకి ఇచ్చేది విషం ఎలా అవుతుంది? ప్రాక్టికల్స్‌లో చూశా కదా, పచ్చటి పలుకులు. అవే అన్నభేది అని మూలికల కొట్టాయన చెప్పాడు. మజ్జూ పడుకున్నాక మధ్యాహ్నాలు పాత గుడ్డలమీద వేసి చూశా. మొదట బూడిదరంగు వచ్చింది. ఎక్కువేస్తే నీలం తిరిగింది. ఏడోసారికి కుదిరింది. దాన్నే కుండలో పోసి అబ్బాజీకి ఇస్తూ వచ్చా, ఆయనకి వాసన తెలీదు కదా.”

నాజియా అక్కని వింతగా చూసింది. ల్యాబులో తనూ వందనా ఇద్దరూ కలిసి ఈ పాళ్లు కుదుర్చుకోడానికి తొమ్మిదిసార్లు చేశారు.

“అయితే” అంది నీలోఫర్, ఆఖరి పెంకు తీస్తూ, “తుప్పు ఏం చేస్తుంది? రెండో భాగంలో ఏముంది?”

అడిగిన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నాలుగు నెలలుగా తెలుసుకోవాలనుకున్న సంగతి అడిగింది, అంతే.

“తుప్పు ఏం చెయ్యదు ఆపా” అంది నాజియా మెల్లిగా. “మట్టిలో ఒక క్రిమి ఉంటుంది. లోతుగా గుచ్చుకుంటే అది లోపలికెళ్తుంది. మేకు కొత్తదైనా అంతే, ముల్లైనా అంతే. పిల్లకి టీకాలన్నీ వేయించి, పైన ఆ సూది కూడా వేయించావంటే, ఇంక భయపడక్కర్లేదు. అదీ రెండో భాగం.”

“ఓహో” అంది నీలోఫర్.

గాజు ముక్కలన్నీ కాయితంలో పొట్లం కట్టి చెత్తడబ్బాలో వేసింది. మళ్లీ ఏ పిల్లకీ గుచ్చుకోకుండా పైన ఇంకో కాయితం చుట్టింది. నాజియా చూస్తూ నిలబడింది. అక్క ఏడిస్తే బాగుండు, తిడితే బాగుండు, జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండు అనిపించింది ఆ పిల్లకి. నీలోఫర్ కుళాయి కట్టింది.

“ఆపా, ఇంకోటుంది. నువ్వు వినాలి.”

“చెప్పు.”

“అన్నభేదిలో ఇనుముతోబాటు ఆమ్లం ఉంటుంది. గంధకామ్లం. ఇనుము కరక్కాయతో కలిసి నలుపైపోతే, ఆ ఆమ్లం గుడ్డలోనే ఉండిపోతుంది. నూలుని తినేస్తుంది. నలుపు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా. మన కసిమిలో ఉండేది పులుపు, అది మెత్తటిది, ఎండలో ఎగిరిపోయేదే ఎక్కువ. అందుకే జేజి దుప్పటి ఇప్పటికీ ఉంది.”

కొంగు పిండుకుంటున్న నీలోఫర్ తలెత్తింది.

“పరదా?”

“పరదాయే.”

“ఎన్నాళ్లకి?”

“నాకు తెలీదు. బాగా ఉతికుంటే ఏళ్లు ఆగొచ్చు. ఉతకడం చాలకపోతే, మన తేమకి నెలలే. ఇప్పటికే మొదలై ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నిజంగా తెలీదే.” నాజియా అక్క చెయ్యి పట్టుకుంది. “విను. అబ్బాజీకి చెప్పొద్దు. రేపు వాళ్లని తీసుకెళ్లనీ. నేను మ్యూజియం వాళ్లకి విడిగా రాస్తా. సోడా నీళ్లతో ఆమ్లం విరగ్గొట్టే పద్ధతులున్నాయి, వాళ్లకి నిపుణులుంటారు. ఆయనకి తెలియక్కర్లేదు. ఆ శాలువా కప్పుకుని ఎలా నవ్వాడో చూశావా?”

“చూశా.”

“మరి?”

నీలోఫర్ చెయ్యి విడిపించుకుంది. విసురుగా కాదు, పిల్ల ఏడుస్తుంటే వంటగదిలోకి వెళ్లేటప్పుడు విడిపించుకున్నట్టు.

“ఇందాక నువ్వు మైకులో నీళ్ల మీద పెట్టి చెప్పావు. రేపు నేను మ్యూజియం వాళ్ల మీద పెట్టి చెప్తా. ఇంక ఆయనకి ఆయన గుడ్డ గురించి నిజం చెప్పేవాళ్లెవరే?”

ఇంటికొచ్చేసరికి సాయంత్రం అసర్ నమాజు అయింది. ముందు గదిలో చాప మీద పాత తెల్ల దుప్పటి పరిచి, దాని మీద పరదా పరుచుకుని కూర్చున్నాడు నూరుల్లా. ఆరు మూరల పొడుగు. నడిమధ్యన పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకీ పిట్టలు, చుట్టూ అంచు. మొదలు, కొమ్మలు, పిట్టల రెక్కలు, కళ్లు అన్నీ నలుపే. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

“వచ్చారా! నీలూ, వేపాకు ఎండబెట్టింది ఉందా? మడతల్లో వేద్దాం. రైల్లో కాదంట, కార్లోనే తీసుకెళ్తారంట.” ఆయన చిన్నకూతురి వంక చూసి నవ్వాడు. “ఏమ్మా పంతులమ్మా, పాలు బాగా విరగ్గొట్టావు ఇవాళ.”

నాజియా గుమ్మంలోనే ఆగిపోయింది. నీలోఫర్ మజ్జూని లోపల మంచం మీద పడుకోబెట్టి, చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“అబ్బాజీ, కసిమి లేదు.”

“అయిపోయిందా? బెల్లం తెప్పించు మరి.”

“కుండలో ఒక్క చుక్క కూడా లేదు. నాలుగు నెలలైంది. పారబోశా.”

తర్వాత మొత్తం చెప్పింది. కాలు, సూది, మురుక్కాలవ, అన్నభేది, గుడ్డని తినే ఆమ్లం. వరసగా, ఒక్కటీ వదలకుండా. వీడియో మాట మాత్రం ఎత్తలేదు. నాజియా అది గమనించింది. అక్కడే గుమ్మం పట్టుకుని, “నా వల్లే అబ్బాజీ, నేను సగం చెప్పి వదిలేశా” అంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

“పిల్ల కాలు కోసుకుందా?”

“ఆ.”

“నా కుండలో ముక్క దిగి పిల్ల కాలు కోసుకుంటే, పక్కగదిలో పడుకున్న నాకు చెప్పలేదా నువ్వు?”

ఇన్నాళ్లూ నీలోఫర్ కుండ గురించి ఏమంటాడో అని వందరకాలుగా ఊహించుకుంది. ఈ మాట అంటాడని ఒక్కసారీ అనుకోలేదు.

నూరుల్లా వణికే వేలితో చెట్టు మొదలు మీద రాశాడు. పైకీ కిందకీ. “ఇంత నలుపు నా జన్మలో చూడలేదనుకున్నా. అనుకున్నా, అడగలేదు. అడగాల్సింది.”

“అబ్బాజీ, వారం టైమివ్వండి” నాజియా లోపలికొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. “ఒక్క దారప్పోగు చాలు. ల్యాబులో పెట్టి ఎంత ఆమ్లముందో, నూలు ఎంత దెబ్బతిందో చెప్తాం. రేపు వాళ్లని రావద్దని ఫోన్ చేద్దాం.”

“నీ ల్యాబు నీదమ్మా. మాకూ ఒకటుంది.” ఆయన గోడ పట్టుకుని లేచాడు. శాలువా జారి చాప మీద పడితే తీసుకోలేదు. “నీలూ, లే.”

ఏం చెయ్యబోతున్నాడో అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకేసారి తెలిసింది. పెడనలో గుడ్డని కంటితో చూసి కొనరు, చెవితో విని కొంటారు. గుడ్డ తాను విప్పి, ఇద్దరు మనుషులు చెరో పక్కా గుప్పెడు బట్ట మడిచి పట్టుకుని, ఒక్కసారిగా లాగుతారు. నూలు గట్టిదైతే టప్‌మని మోగుతుంది. చచ్చిందైతే మోగదు. కోరా గుడ్డ మీద చేసే పని అది. అచ్చులు కొట్టి, ఉతికి, నాలుగు నెలలు కళ్లు పోగొట్టుకుని పూర్తిచేసిన దాని మీద ఎవరూ చెయ్యరు.

“వద్దు అబ్బాజీ! చిరిగితే?” నాజియా ఆయన చెయ్యి పట్టుకోబోయింది.

“చిరిగేదైతే ఇక్కడ చిరగాలి. గాజుపెట్టెలో, పదిమంది చూస్తుండగా, నా పేరు కింద కాదు. నువ్వు పక్కకి జరుగు.”

నీలోఫర్ లేచి నిలబడింది. ఆయన పరదా అంచు దగ్గర, అచ్చు పడని తెల్లటి చోట, గుప్పెడు బట్ట ఆమె చేతుల్లో పెట్టాడు. జానెడు ఎడంలో తను పట్టుకున్నాడు. ఆమెకి వేళ్ల మధ్య గుడ్డ ఉన్నట్టు కనిపిస్తోంది గానీ తెలియడం లేదు. ఆ చేతులు ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి.

“గట్టిగా పట్టుకో. వదలకు.”

లాగాడు. టప్‌మంది.

“తెలుపు బాగుంది” అన్నాడు. అచ్చు షెడ్డులో కూలివాళ్లతో అన్నట్టే అన్నాడు. రెండడుగులు జరిగి, పువ్వు ఎరుపు మీద పట్టు మార్చాడు. ఆమె కూడా మార్చింది. లాగాడు. టప్‌మంది, గదిలో గోడలకి తగిలేలా. లోపల మంచం మీద పిల్ల కదిలింది.

“ఎరుపూ బాగుంది.”

నాజియా రెండు చేతులతో నోరు మూసుకుంది. నూరుల్లా చెట్టు మొదలు దగ్గరికి వచ్చాడు. అక్కడ నలుపు అరచెయ్యంత మందాన, ఆపకుండా, పైదాకా పాకింది. ఆయన గుప్పిట బిగించాడు. నీలోఫర్ గుప్పిట బిగించింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చేతులు వణకడం మానేశాయి. ఆయనవి. ఆమెవి మొదలుపెట్టాయి.

“చూడకు” అన్నాడు నూరుల్లా. “విను.”

ఒక కాలు వెనక్కి వేశాడు.